నీడలో పూలు పూయించిన తవిటమ్మ

ఊఁ కొడుతూ వినండి. ఊఁ కొట్టడం ఆపారంటే కథ దారి తప్పుతుంది. అప్పుడు నన్ననకండి.

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో రెండు కొండల నడుమ ఒక ఊరుండేది. దాని పేరు నీడగెడ్డ. గెడ్డంటే వాగు. నీడలో పుట్టి నీడలోనే పారే వాగు గట్టున ఉంది కాబట్టి ఆ పేరు. పొద్దుటి ఎండని తూర్పుకొండ ఆపేసేది. సాయంత్రపు ఎండని పడమటికొండ ఆపేసేది. మిగిలిన నడినెత్తి ఎండని ఊరి మీదికి వంగిన పెద్దతోపు ఆపేసేది.

పెద్దతోపు ఎవరో నాటిన తోట కాదు. అడవే ఊళ్ళోకి తొంగిచూసినట్టు ఉండేది. మద్దిచెట్లు, ఏగిసచెట్లు, నేరేళ్ళు, పనసలు. గెడ్డ నీళ్ళు ఆ చెట్ల వేళ్ళ కిందనుంచే ఊరి వచ్చేవి.

ఆ నీడలో పసుపు పండేది. అల్లం పండేది. కందదుంప మనిషి తలకాయంత ఊరేది. పువ్వు మాత్రం పూసేది కాదు. బంతి నాటితే ఆకులేసి ఊరుకునేది. చామంతి నాటితే వెలుతురు కోసం సాగి సాగి నేల మీద పడిపోయేది. గులాబి నాటితే ముళ్ళు మిగిలేవి.

అందుకని అమ్మవారి పండగైనా, పెళ్ళయినా, పేరంటమైనా నీడగెడ్డ వాళ్ళు కొండ దిగి దిగువూరు వెళ్ళి పూలు తెచ్చుకోవాలి. దిగువూరు ఎండ ఊరు. అక్కడ పూలకి కొదవ లేదు. నోటికీ కొదవ లేదు. నీడగెడ్డ మనిషి కనబడితే చాలు, "ఆకులోళ్ళొచ్చారు, జరగండి" అనేవారు. వీళ్ళ తోరణం మామిడాకు, వీళ్ళ దండ మరువం, వీళ్ళ దేవతకి పత్రి. అందుకని ఆకులోళ్ళు. నీడగెడ్డ వాళ్ళు తలొంచుకుని పూలబుట్ట నెత్తికెత్తుకుని కొండెక్కేసేవారు.

ఊఁ. ఇక మన మనిషి దగ్గరికొద్దాం.

తోపు అంచున ఒక తాటాకుల గుడిసె. అందులో తవిటమ్మ. ఆమె కన్నా ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే చేటలో వేసి, పొరుగావిడకి గుప్పెడు తవుడుకి అమ్మేసినట్టు అమ్మి, మళ్ళీ తెచ్చుకున్నారు. తవుడుకి పోయిన పిల్ల మీద చావు కన్ను పడదని వాళ్ళ నమ్మకం. అలా తవిటమ్మ అయింది. పిల్ల దక్కింది. పెరిగింది. తల్లీ తండ్రీ పోయారు. పెళ్ళయింది. మొగుడూ పోయాడు. తవిటమ్మ ఉంది.

అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుట్టడం ఆమె పని. పొద్దంతా అరుగు మీద కూర్చుని ఈనెపుల్లతో చకచకా కుట్టేది. నోట్లో అడ్డపొగ చుట్ట, నిప్పున్న కొస లోపలికి. ఆ చుట్ట తియ్యకుండానే మాట్లాడేది, నవ్వేది, పోట్లాడేది. ఊళ్ళో ఏ శుభకార్యమైనా తవిటమ్మ విస్తళ్ళు పంక్తి ముందు వెళ్ళేవి. తవిటమ్మ పంక్తి చివర కూర్చునేది.

ఆ ఊరికి పెద్ద పోలినాయుడు. గట్టివాడు. మాటంటే మాటే. ఆయనకి ఒక్కతే కూతురు, పైడమ్మ. వైశాఖంలో పైడమ్మకి పెళ్ళి కుదిరింది. సంబంధం దిగువూరిదే.

పెళ్ళినాడు తెల్లవారుతూనే పూలబుట్టలు దిగువూర్లో బయల్దేరాయి. వైశాఖపు ఎండ. కొండదారి. బుట్టలు పెళ్ళింటికి చేరేసరికి మల్లెలు ఎర్రబడి, చామంతులు వేలాడిపోయి, అంతా ఉడకబెట్టిన కూరలా అయింది. జడకి పెట్టడానికి ఒక్క పువ్వు పనికిరాలేదు.

పెళ్ళికూతుర్ని పీటల మీదికి తెచ్చారు. పెళ్ళికొడుకు తల్లి పైకీ కిందికీ చూసింది. పందిరి గుంజ నుంచి ఒక మామిడాకు తెంపింది. పైడమ్మ జడలో గుచ్చింది.

"ఆకులోళ్ళ పిల్లకి ఆకే అందం" అంది.

దిగువూరు వాళ్ళు నవ్వారు. నీడగెడ్డ వాళ్ళలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వేశారు, భయానికి. పైడమ్మ తలెత్తలేదు. ఆ ఆకుతోనే తాళి కట్టించుకుంది. ఆ ఆకుతోనే బండెక్కింది.

బండి మలుపు తిరిగేదాకా పోలినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, విస్తళ్ళు ఎత్తుతున్న వాళ్ళనీ, పొయ్యిలు ఆర్పుతున్న వాళ్ళనీ, అందర్నీ పందిరి కిందికి పిలిచాడు.

"తోపు కొట్టించేస్తన్నాను" అన్నాడు.

పందిరి అవతల కనబడే తోపుకేసి చెయ్యి చూపించాడు.

"ఈ చెట్లుండబట్టే మనకి ఎండ నేదు. ఎండ నేకే పువ్వు నేదు. పువ్వు నేకే నా గుంట పైడమ్మ తలకి ఆకెట్టారు. చెట్టనేది ఉండకూడదు. తోపు జాగాలో బంతి ఏద్దాం, సేమంతి ఏద్దాం. మనమే దిగువూరుకి పూలమ్ముదాం."

"బాగుంది బాబూ" అన్నారు కొందరు.

"కొట్టించండి బాబూ" అన్నారు మరికొందరు.

అప్పుడు పందిరి చివర, ఎంగిలి విస్తళ్ళ గంప పక్కన, తవిటమ్మ లేచి నిలబడింది. చుట్ట నోట్లోంచి తీసింది. ఆమె చుట్ట తీసి మాట్లాడటం అదే మొదలు.

"నాయుడు బాబూ, ఆ చెట్ల కిందనుంచేగా మన గెడ్డ వొస్తంది. అది ఎండిపోతే బంతికి నీళ్ళు ఎక్కడివి? ఇంత నీడుంది. నీడకో పువ్వుండదేటి?"

"ఉందేటి? సూసినావా?"

"సూడనేదు."

"మరి?"

"ఉండకెక్కడికి పోద్ది? ఎతుకుతాను. తెచ్చి ఈ తోపులోనే పూయిస్తాను. మూడు వానలు ఇప్పించండి."

జనం ఘొల్లుమన్నారు. నాయుడు నవ్వలేదు. ఆయనకి కోపంగా ఉంది. కోపంగా ఉన్నప్పుడు ఆయన బేరం తెగ్గొట్టి మాట్లాడేవాడు.

"మూడు వానలిచ్చాను. నాలుగో వాన పడేలోగా పువ్వు కనబడకపోతే?"

"కనబడకపోతే తోపు మీద తొలి గొడ్డలి దెబ్బ నానే ఏస్తాను."

దాంతో నవ్వులు ఆగిపోయాయి. తోపు పోతే అడ్డాకు తీగలు పోతాయి. తవిటమ్మ కూడూ పోతుంది. అది అందరికీ తెలుసు. ఆమెకి ఇంకా బాగా తెలుసు.

మర్నాడు తవిటమ్మ ఆకుల గంప ఎత్తుకుని అడవికెళ్ళింది. ఆకు కోసం కాదు, పువ్వు కోసం. తెలిసిన దారి అంతా తిరిగింది. పువ్వు లేదు. తెలియని దారి తిరిగింది. పువ్వు లేదు. చివరికి దేవుడిలోవ అనే లోతు పల్లంలోకి దిగింది. అక్కడ పగలే దీపం పెట్టుకోవాలనిపిస్తుంది. తిరిగి తిరిగి అలిసిపోయి ఒక బండ మీద చేరగిలబడింది. పొద్దు వాలింది. అప్పుడొచ్చింది వాసన. మల్లె కాదు. జాజి కాదు. మెల్లగా, చల్లగా, ఇంట్లో ఎవరో తలంటుకుని తిరుగుతున్నట్టు.

వాసన పట్టుకుని వెళ్ళింది. ఒక పొద. మనిషెత్తు. దాని మీద గుత్తులు గుత్తులుగా తెల్లపూలు, చేటలో పేలాలు పోసినట్టు. ఒక్కో పువ్వులోంచి ఒక సన్నటి దారం బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"ఓలమ్మా, పాపిడిచెట్టే!" అంది తవిటమ్మ.

ఆకు ఆమెకి తెలుసు. వెలుతురుకి పెట్టి చూస్తే నువ్వులు చల్లినట్టు నల్లచుక్కలుండే ఆకు. విస్తరికి పనికిరాదని ఏళ్ళ తరబడి పక్కకి తోసేసిన ఆకు. ఎప్పుడూ పొద్దుండగానే ఆకు కోసుకుని ఇంటికెళ్ళిపోయేది కాబట్టి పొద్దు వాలాక వచ్చే ఆ వాసన ఆమె ఎన్నడూ ఎరగదు.

తవిటమ్మ ఆనందానికి మేర లేదు. పూలతో ఉన్న పొదని ఉన్నపళాన గునపంతో పెళ్ళగించింది. మట్టి దులిపింది. నెత్తికెత్తుకుని ఊళ్ళోకి తెచ్చింది. తోపులో గొయ్యి తీసి నాటింది. ఊరంతా వచ్చి చూసింది.

మర్నాడు పూలు వాలిపోయాయి. ఆ మర్నాడు ఆకులు వాలిపోయాయి. ఆపైన పుల్లలు మిగిలాయి.

"ఏటే తవిటమ్మా, పొయ్యిలోకి బాగుంటాది" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

"ఇంత నీడుంది" అంది తవిటమ్మ. "నీడకో పువ్వుండదేటి?"

వానలొచ్చాయి. వానల చివర పాపిడిచెట్టుకి కాయలు నల్లబడ్డాయి. మిరియాలంత కాయలు. తవిటమ్మ వాటిని ఒడినిండా కోసుకొచ్చి, వడ్లు ఎండబెట్టినట్టు చేటలో ఎండబెట్టి, తోపులో నేల శుభ్రంగా ఊడ్చి, ఒక్క ఎండుటాకు లేకుండా చేసి, చల్లింది. చలికాలం గడిచింది. ఎండాకాలం గడిచింది. ఒక్క మొలక రాలేదు. ఒక వాన అలా అయిపోయింది.

పోలినాయుడు తోపులోకి వచ్చాడు. ఊడ్చిన నేలని చూశాడు.

"ఇల్లు ఊడ్చుకున్నట్టు ఊడ్చావు. ముగ్గెట్టడమొకటే తక్కువ" అన్నాడు.

తవిటమ్మకి ఆ మాట కసుక్కున గుచ్చుకుంది. కానీ మాటలో ఏదో ఉంది. ఆ రాత్రంతా దాన్నే నములుతూ పడుకుంది. అడవిలో ఎవరు ఊడుస్తున్నారు?

రెండో వాన మొదలవగానే మళ్ళీ దేవుడిలోవలోకి దిగింది. ఈసారి పైకి చూడలేదు, కిందికి చూసింది. ఒక నేరేడుచెట్టు మీద పిగిలిపిట్టలు వాలి ఉన్నాయి. ఆ చెట్టు కింద కుళ్ళిన ఆకు మూరమందాన పరుచుకుని ఉంది. ఆ ఆకులోంచి లేత మొక్కలు బెత్తెడెత్తున లేచి ఉన్నాయి. ఒక ఆకు తుంచి వెలుతురుకి పెట్టింది. నల్లచుక్కలు. పిట్టలు పండు తిని వేసిన విత్తనాలే అవి.

"నానేటో పెద్ద పనిమంతురాలిననుకున్నాను" అని పిట్టలకేసి చూసి నవ్వింది. "మీరు నాకన్నా ముందే సేసేశారు."

ఈసారి గునపం వాడలేదు. ఒక్కో మొక్కనీ దాని మట్టితో, దాని ఆకుచెత్తతో, రెండు చేతులతో లేవదీసి విస్తట్లో పెట్టుకుంది. తోపులో పెద్ద మద్దిచెట్టు కింద, అలాంటి చోటే వెతికి నాటింది. కుళ్ళిన ఆకు గంపలతో మోసి వేళ్ళకి కప్పింది. వాన లేని రోజుల్లో గెడ్డనీళ్ళు ముంతతో పోసింది. ఎవరు ఊడవబోయినా చీపురు లాక్కుంది.

మొక్కలు బతికాయి. చలికాలంలో నిలబడ్డాయి. ఒక్కోటీ ఒక్కో కొత్త ఆకు వేసింది.

పోలినాయుడు రోజూ రావడం మొదలుపెట్టాడు. మొదట నవ్వడానికి వచ్చాడు. తర్వాత చూడడానికి వచ్చాడు. తర్వాత ఎందుకొస్తున్నాడో ఆయనకే తెలియకుండా వచ్చాడు. వచ్చి బండ మీద కూర్చుని మొక్కల వంక చూసేవాడు. దిగువూర్లో పైడమ్మని ఇంకా ఆకుపిల్ల అనే పిలుస్తున్నారని ఆయనకి కబురు వస్తూనే ఉంది.

"ఇంత నెమ్మదేటే?" అనేవాడు. "బంతయితే ఈపాటికి రెండు కాపులు కాసును."

"ఇది బంతి కాదు కదా బాబూ."

ఎండాకాలం వచ్చింది. ఒకనాడు తవిటమ్మ సంతకి విస్తళ్ళు మోసుకెళ్ళి పొద్దు వాలాక తిరిగొచ్చింది. తోపులోకి అడుగుపెట్టింది. తోపు వేరేగా ఉంది. నేల మీద వెలుతురు ఉంది. పైకి చూసింది. మద్దిచెట్టు పెద్దకొమ్మ లేదు. ఎవరో నరికేశారు. ఆ సందులోంచి నడినెత్తి వైశాఖపు ఎండ మొక్కల మీద పడింది. లేతాకులు అప్పడాల్లా చుట్టుకుపోయాయి. తవిటమ్మ ముంత మీద ముంత నీళ్ళు పోసింది. ఏం లాభం? మర్నాటికి అన్నీ పోయాయి.

తవిటమ్మ ఆ సందు కింద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఏడ్చిందో లేదో చూసినవాళ్ళు లేరు. తర్వాత లేచి గంప తీసుకుంది. రెండో వాన పోయింది. ఇంకోటి ఉంది.

మూడో వానకి మళ్ళీ దేవుడిలోవ. మళ్ళీ లేత మొక్కలు. మళ్ళీ విస్తట్లో పెట్టుకుని రావడం. మళ్ళీ ఆకుచెత్త మోయడం. ఈసారి తోపు మధ్యకి, ఇంకా చీకటిగా ఉన్న చోట నాటింది. ఊళ్ళోవాళ్ళు నవ్వడం మానేశారు. నవ్వీ నవ్వీ విసిగిపోయారో, లేక ఆమెని చూసి జాలేసిందో. ఒకరిద్దరు ఆడవాళ్ళు తమ ఇంటి వెనక కుళ్ళిన ఆకు గంపకెత్తి తెచ్చి పోసి వెళ్ళారు.

"పూస్తాదంటావేటి తవిటప్పా?" అని అడిగారు.

"ఇంత నీడుంది" అంది తవిటమ్మ. "నీడకో పువ్వుండదేటి?"

చలికాలం గడిచింది. చైత్రం వచ్చింది. వైశాఖం వచ్చింది. మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. నల్లచుక్కల ఆకులు నిగనిగలాడుతున్నాయి. మొగ్గ మాత్రం లేదు. వానలు రేపోమాపో అన్నట్టుంది.

గొడ్డళ్ళవాళ్ళు వచ్చారు. పోలినాయుడు మూడేళ్ళ కిందటే చెప్పి ఉంచిన మాట ప్రకారం కొండవతల నుంచి వచ్చారు. ఊరంతా తోపు దగ్గర చేరింది. పైడమ్మ కూడా వచ్చింది. పురిటికి పుట్టింటికొచ్చి ఉంది, నిండు నెలలు.

పోలినాయుడు తోపులోకి నడిచాడు. ఒక్కో పొదనీ వంగి చూశాడు. ఆకులెత్తి చూశాడు.

"పువ్వు నేదు" అన్నాడు.

"నేదు బాబూ" అంది తవిటమ్మ.

ఆమె బతిమాలలేదు. గొడ్డళ్ళవాళ్ళలో ఒకడి దగ్గరికెళ్ళి చెయ్యి చాచింది. వాడు నాయుడి వంక చూశాడు. నాయుడు మొక్కల వంకే చూస్తున్నాడు. వాడు గొడ్డలి ఇచ్చాడు. తవిటమ్మ పెద్ద మద్దిచెట్టు దగ్గరికి నడిచింది. చీర బొడ్లో దోపింది. రెండు చేతులా గొడ్డలి ఎత్తింది.

"ఆగవే" అన్నాడు పోలినాయుడు.

గొడ్డలి అలాగే ఉంది.

"నీవి మూడు వానలు కావు" అన్నాడు. ఆయన గొంతు ఎవరూ ఎరగనంత చిన్నగా ఉంది. "రెండే. ఒక వాన నాను తినేశాను."

జనానికి అర్థం కాలేదు. నాయుడు మద్దిచెట్టు పైకి వేలు చూపించాడు. నరికిన కొమ్మ మోడు అక్కడ ఇంకా ఉంది.

"ఆ కొమ్మ కొట్టింది నానే. నువ్వు సంతకెళ్ళిన నాడు. సెడగొడదామని కాదే. ఎండ తగిల్తే గబగబా పెరుగుద్దనుకున్నాను. నా గుంటకి తొందరగా పువ్వు కావాలనుకున్నాను. ఆ మొక్కలు బతికుంటే ఈపాటికి పూసును. నీకు బాకీ ఉన్నాను."

తవిటమ్మ గొడ్డలి దించింది.

"నాకు తెల్సు బాబూ" అంది.

"తెల్సా? తెల్సి సెప్పలేదేం?"

"సెప్తే పూస్తాదేటి?"

అప్పుడు పైడమ్మ నవ్వింది. పొట్ట పట్టుకుని, బండ మీద చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. పెళ్ళినాటి నుంచి ఆ పిల్ల అలా నవ్వడం ఎవరూ చూడలేదు. కూతుర్ని చూసి నాయుడూ నవ్వాడు. ఆయన్ని చూసి ఊరంతా నవ్వింది.

"ఇంకో వాన" అన్నాడు నాయుడు. "గొడ్డళ్ళోళ్ళకి అన్నాలెట్టి పంపండి."

తవిటమ్మ విస్తళ్ళలోనే వాళ్ళకి అన్నాలు పెట్టారు. తిని, చేతులు కడుక్కుని, గొడ్డళ్ళు భుజాన వేసుకుని కొండ దాటి వెళ్ళిపోయారు.

ఆ వాన గొప్ప వాన. పొదలు నడుమెత్తు లేచాయి. ఆ చలికాలం నాయుడే ఆకుచెత్త గంప మోశాడు. ఆకులు ఎక్కడ పొయ్యాలో తవిటమ్మ చెప్పేది, ఆయన పోసేవాడు. ఎక్కువ పోస్తే "మొదలు పూడ్చెయ్యకండి బాబూ, ఊపిరాడొద్దా?" అనేది. ఆయన వంగి మళ్ళీ తీసేవాడు.

మళ్ళీ వైశాఖం. ఒక సాయంత్రం, పశువులు ఇళ్ళకి తిరిగే వేళ, ఊళ్ళోకి వాసన దిగింది. మొదటి ఇంటావిడ పొరుగింటి కోడలు కొత్తనూనె రాసుకుందనుకుంది. రెండో ఇంటావిడ ఎదురింట్లో ఎవరో చుట్టాలొచ్చారనుకుంది. మూడో ఇంటావిడ ఏమీ అనుకోలేదు. కవ్వం అలాగే వదిలేసి తోపుకేసి పరిగెత్తింది. ఆమె వెనక ఊరు పరిగెత్తింది.

తోపు నడుమ, చెట్ల కింద, పొద పొదకీ తెల్లటి గుత్తులు. చుట్టూ మసకచీకటి. ఆ మసకలో పూలొక్కటే కనబడుతున్నాయి, పొదలు కనబడటం లేదు. తవిటమ్మ వాటి మధ్య గొంతుక్కూర్చుని ఉంది. నోట్లో చుట్ట ఆరిపోయి ఉంది. వెలిగించుకోవాలని కూడా గుర్తు లేదు.

పోలినాయుడు వచ్చాడు. చూశాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మవారికి కొయ్యనా?" అన్నాడు చివరికి.

"ముందు గుంటకి" అంది తవిటమ్మ.

పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చి ఉన్న పైడమ్మ చంకలో పిల్లాడితో ముందుకొచ్చింది. తవిటమ్మ ఒక గుత్తి గోటితో తుంచింది. ఆ పిల్ల పాపిట్లో, నుదుటికి పైన పెట్టింది. జడలో ఎందుకు పెట్టలేదని తర్వాత ఎవరో అడిగితే, "జడలో ఎడితే ఎనకోళ్ళకి కనపడ్తాది. పాపిట్లో ఎడితే ఎదురోళ్ళకి కనపడ్తాది" అంది.

ఆ పూలతోనే పైడమ్మ ఎండెక్కకముందే అత్తారింటికెళ్ళింది. నడివైశాఖం. దిగువూర్లో ఎండకి మల్లెతోటలు మాడిపోయి ఉన్నాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి కోడలి తల వంక చూసింది. చూసి, గొంతు తగ్గించి, "ఇవెక్కడివే?" అంది.

"మా ఊరివి" అంది పైడమ్మ. అంతే అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాతి వారం దిగువూరు ఆడవాళ్ళు బుట్టలతో కొండెక్కారు, పూలకోసం. తవిటమ్మ వాళ్ళని తోపులోకి తీసుకెళ్ళింది.

"తుంచుకోండమ్మా, ఇరవకండి" అంది. "ఆకు మీద కాలెయ్యకండి."

తోపు కొట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఏటేటా తవిటమ్మ పొదలు పెంచుతూ పోయింది. పెద్దతోపు కింద అంచు నుంచి అంచు దాకా పాపిడిపొదలే అయ్యాయి. ఆమె పని పిగిలిపిట్టలు పంచుకున్నాయి, పిట్టల పని ఆమె పంచుకుంది. పంక్తిలో ఆమె ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. పైడమ్మ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించిననాడు పోలినాయుడు తన పక్కన విస్తరి వేసి, "ఇక్కడ కూకో" అన్నాడు. ఆనాటి నుంచి అక్కడే కూర్చుంది.

చాలా ఏళ్ళు బతికింది తవిటమ్మ. తల ముగ్గుబుట్ట అయింది. నడుం వంగింది. ఒక వానాకాలం పొద్దున అరుగు మీద విస్తరి సగం కుట్టి ఉంది, మనిషి లేదు. తోపులోకెళ్ళి చూస్తే పొదల కింద, ఆకుచెత్త మీద, పడుకున్నట్టే పడుకుని ఉంది. మీద నాలుగు ఆకులు రాలి ఉన్నాయి.

అక్కడే మట్టి చేశారు. గుర్తుకి ఒక బండ పాతదామన్నారు మగవాళ్ళు. బండ రావాలంటే బండి రావాలి, బండి రావాలంటే రెండు చెట్లు కొట్టాలి. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటింటి నుంచీ గంపెడు కుళ్ళిన ఆకు తెచ్చి ఆమె మీద కప్పారు. కర్ర పట్టుకుని నడిచే పోలినాయుడు కూడా ఒక గంప తెచ్చాడు. ఎవర్నీ మొయ్యనివ్వలేదు.

ఇప్పటికీ నీడగెడ్డలో పాపిడిపువ్వు అనేవాళ్ళు లేరు. తవిటమ్మపూలు అంటారు. ఇప్పటికీ తొలివాన పడగానే ఇంటికో ఆడమనిషి గంపెడు ఆకుచెత్త నెత్తినెట్టుకుని తోపులోకెళ్తుంది. ఇప్పటికీ ఆ తోపులో చీపురు తాకదు. తోపు మీదుగా వెళ్ళే కట్టెలవాడు కత్తి చంకలో పెట్టుకుని, పైన తుండు కప్పుకుని నడుస్తాడు. "తవిటమ్మకి ఎండ తగలనీకు" అని పెద్దవాళ్ళు పిల్లలకి చెప్తారు.

ఇంకో మాట. ఆ ఊరి ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు సారెతో పాటు ఒక లేత పాపిడిమొక్కని దాని మట్టితో విస్తట్లో పెట్టి ఒళ్ళో పెడతారు. ఆ పిల్ల కొత్తింట్లో కాలు పెట్టగానే ఇల్లంతా కలయతిరుగుతుంది. వంటిల్లు ఎక్కడని అడగదు, నుయ్యి ఎక్కడని అడగదు.

"అత్తా, మీ ఇంట్లో ఎండ రాని చోటెక్కడ?" అంటుంది.

దొడ్డి గోడ వెనకో, గాదె పక్కనో, ఇంకేదీ మొలవదని వదిలేసిన చోటు చూపిస్తారు. ఆ పిల్ల చీర బొడ్లో దోపి, చేత్తోనే గొయ్యి తీసి, నాటుతుంది. పూయడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పిల్లకి తొందరేమీ ఉండదు.

కథ చెట్ల నీడకి పోయింది. మనం పక్కల మీదికి పోదాం.